ఎర్ర చీమా? నల్ల చీమా? ముందు నడుము చూడండి!

[దృశ్యం: కొర్ర కోసేసిన చేను. ఎర్ర నేల. గట్టు మీద చీమల పుట్ట, దాని చుట్టూ వలయంలా పొట్టు.]

నమస్కారం. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే రోడ్డు పక్కన, ఒక చేను గట్టు మీద ఉన్నాను. ఉదయం 7 దాటింది. ఇంకో మూడు గంటలు పోతే ఈ నేల మీద నేనే కాదు, చీమ కూడా నిలబడదు. అందుకే పొద్దున్నే వచ్చా.

ఆ బొరియ చుట్టూ చూడండి. ఎవరో చేటతో చెరిగి పోసినట్టు గుండ్రంగా పొట్టు. గింజ లోపలికి పోయింది, పొట్టు బయటికి వచ్చింది. ఇది గింజలు కూడబెట్టే చీమల ఇల్లని చెప్పడానికి ఈ గుర్తు చాలు. ఏ చీమో చెప్పడానికి మాత్రం చాలదు.

నేను ఇట్లా బోర్లా పడుకుని కెమెరా పెట్టుకుంటుంటే, గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగాడు.

"ఏం సామీ, చీమల్ని ఫోటో తీస్తాండావు?"

"ఏ చీమో చూద్దామని, పెద్దాయనా."

"దానికి చూసేదేముంది? ఎర్రగా ఉంటే ఎర్ర చీమ, నల్లగా ఉంటే నల్ల చీమ."

నవ్వేశాను గానీ, నేనూ రెండేళ్లు అదే పని చేశాను. రంగు చూసి నోటుబుక్కులో పేర్లు రాసుకున్నాను. అందులో సగం ఇప్పుడు కొట్టేయాల్సి వచ్చింది.

[దృశ్యం: తెల్ల పింగాణీ పళ్ళెంలో ఒక చీమ. ఫోన్‌కు తగిలించిన చిన్న మాక్రో లెన్స్.]

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక తెల్ల పళ్ళెం, ఫోన్‌కు క్లిప్పుతో తగిలించే లెన్స్. చీమ నిలవకపోతే చిన్న డబ్బాలో వేసి, ఇంట్లో ఫ్రిజ్‌లో కొద్ది నిమిషాలు పెట్టండి. చలికి మందగిస్తుంది, చావదు. ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి, ఆ డబ్బా తెరిచి చూసి మా ఇంట్లో జరిగిన గొడవ మీకొద్దు.

మొదట నడుము. చీమను పక్క నుంచి చూడండి. ఛాతీకీ పొట్టకీ మధ్య సన్నటి భాగంలో ముడులు ఉంటాయి. ఒక ముడే ఉంటే ఈ వీడియోలో మనం వెతికే చీమ కాదు. మన గండుచీమ ఉంది కదా, పెద్దది, నల్లది, అది కూడా నేలలోనే కాపురం ఉంటుంది. దానికి ఒక్కటే ముడి. ఇప్పుడు పళ్ళెంలో ఉన్న దీనికి రెండు. ఇంత చిన్న విషయంతో సగం గందరగోళం పోతుంది.

[దృశ్యం: ఒకే పుట్ట నుంచి తీసిన అయిదారు చీమలు వరుసగా.]

తర్వాత ఒక్క చీమతో ఆగొద్దు. అదే పుట్టలోంచి కనీసం అయిదారు చూడండి. నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. ఒక పుట్ట దగ్గర సన్నటి చీమలు, వాటి మధ్య మొయ్యలేనంత తలకాయ ఉన్నవి కొన్ని కనిపించాయి. రెండు జాతులు కలిసి ఉంటున్నాయని రాసేసుకున్నా. కావు. అవి ఫైడోల్ అనే ప్రజాతి (అంటే దగ్గరి జాతుల గుంపు) చీమలు, అక్కచెల్లెళ్లే. సన్నవి ఒక రకం, పెద్ద తలవి ఇంకో రకం, మధ్యస్తంగా ఉండేవి సాధారణంగా కనిపించవు. ఆ తల నిండా దవడలు ఆడించే కండరాలు, అందుకే గట్టి గింజ పగలగొట్టడానికి పనికొస్తుంది.

ఈ ఫైడోల్‌లలో ఒకదానికి పాత కథ ఉంది. సైక్స్ అనే ఇంగ్లీషు సైనికాధికారి పుణె దగ్గర, వానకు తడిసిన గింజల్ని చీమలు బయటికి మోసుకొచ్చి ఎండలో ఆరబెట్టడం చూశాడు. 1835లో దానికి ప్రొవిడెన్స్ అని పేరు పెట్టాడు. ముందుచూపు గలది అని అర్థం. మనవాళ్లు కళ్లంలో చేసే పనే. తడిసిన గింజ బూజు పడుతుందని దానికీ తెలుసు.

ఇక చిన్నవి, మధ్యవి, పెద్దవి, అన్ని సైజులూ వరసగా కనిపించాయనుకోండి. ఛాతీ వెనక భాగం పక్క నుంచి చూడండి. ఫైడోల్‌కు అక్కడ సాధారణంగా ఒక జత ముళ్లు ఉంటాయి, చిన్నవైనా సరే. ముళ్లు లేకుండా నున్నగా వంపు తిరిగి ఉంటే ట్రైకోమిర్మెక్స్ అనే ఇంకో ప్రజాతి అని అనుమానించండి. పొట్టు వలయం, సైజుల్లో తేడాలు, ముళ్లు లేని వీపు, ఈ మూడూ కలిస్తే దక్షిణాదిలో నా మొదటి అనుమానం దాని మీదే.

[దృశ్యం: చీమ తల, ముందు నుంచి, దగ్గరగా. దువ్వెనతో గీసినట్టు నిలువు గీతలు.]

ఇప్పుడు అసలు చిక్కు. ట్రైకోమిర్మెక్స్‌లోనే గింజల చీమలు ఒకటి కాదు. స్కాబ్రిసెప్స్, క్రినిసెప్స్, గ్లాబర్. నోరు తిరగని పేర్లని భయపడకండి, అర్థం తెలిస్తే గుర్తులు పేర్లలోనే ఉన్నాయి. స్కాబ్రిసెప్స్ అంటే గరుకు తలది. క్రినిసెప్స్ అంటే వెంట్రుకల తలది. గ్లాబర్ అంటే నున్నటిది. పేరు పెట్టినవాళ్లు తల చూసి, ఒళ్ళు చూసి పెట్టారు, రంగు చూసి కాదు. అన్నట్టు ట్రైకోమిర్మెక్స్ అంటేనే వెంట్రుకల చీమ. అంటే ట్రైకోమిర్మెక్స్ గ్లాబర్‌ను తెలుగులోకి తెస్తే నున్నటి వెంట్రుకల చీమ అవుతుంది! ఇట్లాంటివి చూసినప్పుడు మనవాళ్ల ఇంటిపేర్లు నయమనిపిస్తాయి.

పేర్లతో ఇంకో తంటా. పాత పుస్తకాల్లో ఇవే చీమలు హోల్కోమిర్మెక్స్ అని ఉంటాయి. తర్వాత వాటిని మోనోమోరియం అనే ఇంకో ప్రజాతిలో కలిపారు. 2015లో మళ్లీ విడదీసి ట్రైకోమిర్మెక్స్‌లో పెట్టారు. మీకు మూడు పేర్లు కనిపిస్తే మూడు చీమలనుకోవద్దు.

రంగు ఎందుకు నమ్మొద్దంటానో ఇక్కడ చెప్తా. మన ఇళ్లలో పసుపు ఒంటితో, నల్లటి పొట్టతో ఒక సన్న చీమ తిరుగుతుంది. స్విచ్‌బోర్డుల్లో దూరి వైర్లను కూడా కొరుకుతుంది. దాని పేరు ట్రైకోమిర్మెక్స్ డిస్ట్రక్టర్, 1851లో జెర్డన్ వర్ణించాడు. ఆయన మద్రాసు సైన్యంలో డాక్టరు. ఇప్పుడు ఈ చేను చీమను చూడండి. ఎర్రటి తల, ఎర్రటి ఛాతీ, నల్లటి పొట్ట. రెండూ ముందు లేతగా, వెనక నల్లగా. రంగుల వరస చూసి పేరు పెడితే వైర్లు కొరికేదాన్నీ కొర్రలు మోసేదాన్నీ ఒకే గాటన కట్టేస్తాం. ఇంటిపేరు ఒకటే, వృత్తి వేరు.

[దృశ్యం: డాలు లాంటి వీపు ఉన్న, ముద్దగా ముడుచుకున్న చీమ.]

ఇది మెరనోప్లస్. గింజలు మోస్తుంది గానీ దీన్ని పొరబడే అవకాశం తక్కువ. వీపు మీద డాలు, ఒంటినిండా బొచ్చు. తాకితే చచ్చినట్టు ముడుచుకుంటుంది.

ఇన్ని గుర్తులు చెప్పాక, గుర్తులు కూడా ఓడిపోయే చోటు ఒకటి చెప్పాలి. యూరప్‌లో మెస్సార్ అనే గింజల చీమలున్నాయి. మెస్సార్ అంటే లాటిన్‌లో కోతగాడు. వాటిలో ఐబెరికస్ అనే జాతి రాణి, స్ట్రక్టర్ అనే వేరే జాతి మగచీమతో కలిస్తేనే కూలి చీమలు పుడతాయి. అంటే ఆ పుట్టలో పనిచేసేవన్నీ సంకరమే. మరి స్ట్రక్టర్ పుట్టలే లేని సిసిలీలో ఎట్లా? అక్కడికి దగ్గరలో ఉన్న స్ట్రక్టర్ కూడా వెయ్యి కిలోమీటర్ల అవతలే. 2025లో నేచర్ పత్రికలో జవాబొచ్చింది. ఆ మగవాటిని రాణే కంటోంది! ఒకే తల్లి, రెండు జాతుల కొడుకులు. ఒక కొడుకు ఒంటినిండా బొచ్చు, ఇంకో కొడుకు దాదాపు నున్నన. రెండు జాతులూ విడిపోయి 50 లక్షల ఏళ్లు దాటింది. అక్కడ పుట్ట చూసి జాతి చెప్పమంటే ఏం చెప్తాం?

మన చేలో అంత చిక్కు లేదు. మీరు చీమ ఫోటో పంపేటప్పుడు మూడు పంపండి: తల ముందు నుంచి, ఒళ్ళు పక్క నుంచి, పై నుంచి. పై నుంచి తీసిన ఒక్క ఫోటో పంపి "అన్నా, ఇదేం చీమ?" అంటే నడుము ముడులూ కనిపించవు, వీపు ముళ్లూ కనిపించవు. ఊరు, నేల ఎర్రదా నల్లదా, పొట్టు ఏ గింజదో కూడా రాయండి.

[దృశ్యం: పళ్ళెం వంచి చీమను పుట్ట పక్కన వదలడం.]

ఇదిగో, దీని పని అయిపోయింది. మీసాలు తుడుచుకుంటోంది... దారిలో ఒక కొర్ర గింజ తగిలింది. ఎత్తుకుని పోతోంది.