బంతి రాని వైపు ఎవరున్నారో చూడండి

అందరికీ నమస్కారం.

ఈ ప్రసంగం అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్నర్‌బ్యాక్ గురించి. ఎదుటి జట్టులో బంతి అందుకునే రిసీవర్‌కి కాపలా కాసేవాడే కార్నర్‌బ్యాక్. ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో ఉన్న ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2023లో అడుగుపెట్టిన కార్నర్‌బ్యాక్‌లలో ఇద్దరిని తీసుకుందాం. రోండే బార్బర్, డరెల్ రీవిస్. బార్బర్ తన కెరీర్‌లో 47 ఇంటర్‌సెప్షన్లు తీశాడు, అంటే ఎదుటి జట్టు విసిరిన బంతిని 47 సార్లు తనే పట్టేశాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని 28 సార్లు, విసరకముందే పడగొట్టాడు. రీవిస్ తీసినవి 29 ఇంటర్‌సెప్షన్లే. ఈ అంకెలు చూస్తే ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదనిపిస్తుంది. కానీ ఎదుటి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైన రిసీవర్‌ని ఒంటరిగా ఎవరికి అప్పగిస్తారని అడిగితే, నేను తడుముకోకుండా రీవిస్ పేరే చెబుతాను. ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

మన కబడ్డీలో కూడా కార్నర్ ఉంటాడు. రైడర్ మడమ పట్టడం అతని పని. ఫుట్‌బాల్ కార్నర్‌కి రిసీవర్‌ని అలా పట్టుకునే హక్కే లేదు. మైదానం వెడల్పు 160 అడుగులు. ఆ చివర నిలబడ్డ రిసీవర్‌కి తానెటు పరిగెత్తాలో ముందే తెలుసు, కార్నర్‌కి తెలియదు. రిసీవర్ ముందుకు పరిగెడతాడు, కార్నర్ చాలాసార్లు వెనక్కి అడుగులేస్తూ మొదలుపెట్టాలి. క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి మామూలుగా రెండున్నర, మూడు సెకన్లలో వెళ్లిపోతుంది. నెగ్గినా ఓడినా ఆ కాస్త సమయంలోనే.

ప్రెస్ పద్ధతి తీసుకుందాం. కార్నర్ రిసీవర్‌కి ఎదురుగా, గజం దూరంలో నిలబడతాడు. పాదాల మధ్య ఎడం భుజాల వెడల్పు కన్నా కాస్త తక్కువ. మోకాళ్లు వంగి ఉండాలి, బరువు మునివేళ్ల వైపు ఉండాలి. చూపు మాత్రం ఎదుటివాడి నడుము మీదే. తలతో, భుజాలతో, కళ్లతో ఎంతైనా మోసం చేయొచ్చు గానీ నడుము ఎటు పోతే మనిషి అటే పోవాలి. బంతి కదలగానే మీదికి దూకకూడదు. చిన్న అడుగు వేసి, రిసీవర్ ఎటు తేలతాడో చూసేంత ఓపిక ఉండాలి. అతను కార్నర్‌కి ఎడమ పక్కగా వెళ్తే, కార్నర్ ఎడమ తుంటి అటు తిప్పి కుడి చేత్తో రొమ్ము మీద తాకాలి. ఎడమ చెయ్యి వేస్తే నడుము బిగుసుకుపోతుంది. రెండు చేతులూ కలిపి విసిరితే బరువంతా ముందుకు పడుతుంది. ఆ దెబ్బ తగలకపోతే ఇక అంతే సంగతులు, కోలుకునే లోపు రెండు గజాల ఎడం వచ్చేస్తుంది. మంచి క్వార్టర్‌బ్యాక్‌కి అది చాలా ఎక్కువ.

తర్వాత పరుగు. ఇద్దరూ తుంటికి తుంటి ఆనుకుని పరిగెడుతుంటేనే తల తిప్పి బంతి కోసం చూడాలి. గజం వెనకబడితే చూడనే కూడదు, తల తిరగ్గానే వేగం తగ్గిపోతుంది. అప్పుడు రిసీవర్ చేతులు గమనించాలి. అవి బంతి కోసం లేచాక, ఆ రెండు చేతుల మధ్యకి తన చెయ్యి దూర్చాలి. క్షణం ముందు మీద పడ్డాడా, పాస్ ఇంటర్‌ఫియరెన్స్. తప్పు ఎక్కడ జరిగితే బంతి అక్కడ పెడతారు. 40 గజాల అవతల జరిగితే ఒక్క పొరపాటుకి 40 గజాలూ పోయినట్టే. తెలివైన కార్నర్ రిసీవర్‌ని పక్క గీత వైపు కొద్దికొద్దిగా నెట్టుకుపోతూ ఉంటాడు. గీతకి, రిసీవర్‌కి మధ్య చోటు తగ్గితే బంతి దించడానికి జాగా ఉండదు. ఈ విద్యలో రీవిస్ సిద్ధహస్తుడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1970ల మధ్యలో రిసీవర్‌ని తోసే వెసులుబాటు ఇప్పటికన్నా చాలా ఎక్కువ. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు మెల్ బ్లౌంట్ 6 అడుగుల 3 అంగుళాల మనిషి. 1975లో 11 ఇంటర్‌సెప్షన్లు తీసి, ఆ ఏటి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. 1978లో నియమం మారింది. ఆట మొదలయ్యే లైన్ నుంచి 5 గజాలు దాటాక రిసీవర్‌ని అడ్డగించకూడదు. అడ్డగిస్తే 5 గజాల శిక్ష, పైగా ఎదుటి జట్టుకి కొత్త ఫస్ట్ డౌన్, అంటే నాలుగు ప్రయత్నాలూ మళ్లీ మొదటి నుంచి. కాబట్టి బ్లౌంట్‌ని, రీవిస్‌ని ఒకే త్రాసులో తూచడం ఇద్దరికీ అన్యాయమే.

అంతకన్నా పెద్ద అన్యాయం, ఒకే కాలంలో వేర్వేరు పనులు చేసినవాళ్లని ఇంటర్‌సెప్షన్లతో పోల్చడం. టాంపా బే జట్టులో బార్బర్ ఎక్కువగా ఆడింది కవర్ 2 అనే పద్ధతి. అందులో అందరికన్నా వెనక నిలబడే ఇద్దరు సేఫ్టీలు మైదానాన్ని సగం సగం పంచుకుని కాపలా కాస్తారు. కార్నర్ ముందు భాగంలో ఉండి, చూపు క్వార్టర్‌బ్యాక్ మీద పెట్టొచ్చు. బార్బర్ ఆ చూపుతోనే బతికాడు. 2003 జనవరిలో ఫిలడెల్ఫియాలో జరిగిన ఎన్‌ఎఫ్‌సీ చాంపియన్‌షిప్ మ్యాచ్ (లీగ్‌లో ఒక సగానికి ఫైనల్) చివర్లో, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకబోతున్నట్టు నిలబడి, ఆగిపోయి, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మెక్‌నాబ్ విసిరిన బంతిని అందుకుని 92 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చదివి పట్టిన బంతి అది. అదృష్టం కాదు.

రీవిస్‌కి అప్పగించిన పని వేరు. 2009లో న్యూయార్క్ జెట్స్ కోచ్‌గా వచ్చిన రెక్స్ ర్యాన్, ఎదుటి జట్టు మేటి రిసీవర్ ఎటు వెళ్తే అటు వెళ్లమన్నాడు. సేఫ్టీ సాయం చాలాసార్లు ఉండదు. అలా మిగిలిన మనిషిని ర్యాన్ క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపేవాడు. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు సాధించిన రిసీవర్ హ్యూస్టన్ ఆటగాడు ఆండ్రే జాన్సన్, 1,569 గజాలు. మొదటి మ్యాచ్‌లో జెట్స్ మీద అతనికి దక్కినవి 35. మరుసటి వారం న్యూ ఇంగ్లాండ్ రిసీవర్ ర్యాండీ మాస్‌కి 24. ఏడాదిలో రీవిస్ తాకి చెడగొట్టిన పాస్‌లు 31, ఇంటర్‌సెప్షన్లు 6. ఒక్క సీజన్‌లో ఇంతకన్నా మంచి కార్నర్ ఆట లేదని నా గట్టి అభిప్రాయం. అయినా ఆ ఏటి ఉత్తమ డిఫెన్స్ అవార్డు 9 ఇంటర్‌సెప్షన్లు తీసిన చార్లెస్ ఉడ్‌సన్‌కి వెళ్లింది. ఉడ్‌సన్ అనర్హుడు కాడు. అంకె మాత్రం ఓటర్ల కళ్లు కప్పేసింది.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది తెలిసిన సంగతే. ఒక ఎండ్‌లో పరుగులివ్వని బౌలర్ ఉంటే, బ్యాటర్లు రెండో ఎండ్‌లో తెగించి ఆడి అవుటవుతారు. వికెట్లు అవతలివాడి ఖాతాలో పడతాయి. ఓక్లండ్ రైడర్స్ కార్నర్ నమ్డి అసమ్వా 2006లో 8 ఇంటర్‌సెప్షన్లు తీశాడు. 2007లో ఒకటి, 2008లో ఒకటి. ఆట తగ్గి కాదు, అతని వైపు బంతి విసరడం మానేశారు గనక. దీనికి అవతలి ఒడ్డున, అప్పట్లో డాలస్‌కి ఆడిన కార్నర్ ట్రెవాన్ డిగ్స్ ఉన్నాడు. 2021లో 11 తీశాడు, కానీ బంతి కోసం సాహసించి పెద్ద పెద్ద పాస్‌లూ వదిలేశాడు.

మరో పేరున్న కార్నర్ డియాన్ శాండర్స్ సంగతేంటని అడుగుతారు. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోకి 6 ఇంటర్‌సెప్షన్లు, వాటిలో 3 టచ్‌డౌన్లు. దూరంగా నిలబడి ఎర వేసి, బంతి గాల్లో ఉండగా దూరం మింగేసే వేగం అతనిది. బంతి పట్టాక అతనంత ప్రమాదకరమైన కార్నర్ ఇంకొకరు లేరు. ట్యాక్లింగ్ మీద మాత్రం మనసు పెట్టలేదు. పరుగు ఆటలో అతని వైపు బంతి వస్తే ఆ లోటు మిగతావాళ్లు పూడ్చాలి. అందుకే నా లెక్కలో రీవిస్ ఒక మెట్టు పైన.

2024లో డెన్వర్ కార్నర్ ప్యాట్రిక్ సర్టన్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు, 4 ఇంటర్‌సెప్షన్లతోనే. 2009లో ఓటర్లకి కనపడనిది ఇప్పుడు కనపడుతోంది. మీరూ ఈ ఆదివారం చూడండి. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి, స్నాప్‌కి, అంటే బంతి కదిలి ఆట మొదలవడానికి, ముందున్న ఆ కొన్ని సెకన్లే మీకు దొరికేవి. మేటి రిసీవర్ ఎడమ నుంచి కుడికి మారితే కార్నర్ కూడా వెంట వెళ్లాడా? వెనక సేఫ్టీ అతని వైపు ఉన్నాడా, అవతలి పక్కకి జరిగిపోయాడా? థర్డ్ డౌన్‌లో సేఫ్టీ అవతలికి వెళ్లిపోయి, కార్నర్ ఒంటరిగా మిగిలి, బంతి మళ్లీ అటు రాలేదంటే, అతని చొక్కా మీది నంబరు రాసిపెట్టుకోండి.