పాత ఎన్ స్కేల్ గూడ్సు పెట్టె: ఎత్తు దించితేనే అసలు అందం

నమస్కారమండీ. ఇవాళ టేబుల్ మీదున్నది ఎన్ స్కేల్ గూడ్సు వ్యాగను, అంటే అసలు రైలులో 160వ వంతు సైజున్న నమూనా. అమెరికా రైళ్ల 40 అడుగుల బాక్స్‌కార్, అంటే కప్పున్న మూసిన పెట్టె. పాతకాలం తయారీ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కంపెనీ పేరు చెప్పట్లేదు. ఇప్పుడు చూపించబోయే లోపాలు ఆ రోజుల్లో చాలామంది తయారీల్లో ఉన్నవే.

ముందు బాగున్నది చెప్పుకుందాం. 1:160 లెక్కన 40 అడుగులంటే 76 మిల్లీమీటర్లు రావాలి. ఇదిగో కాలిపర్ పెడుతున్నా, సరిపోయింది. పక్కగోడల మీద రివెట్ల వరసలు చూడండి, ఎంత సన్నగా తీశారో! పెట్టె వరకూ వంక పెట్టక్కర్లేదు. కానీ పట్టాల మీద పెట్టగానే బొమ్మలా కనిపిస్తోంది కదండీ. ఎందుకలా?

ఈసారి నిడదవోలు దగ్గరో, తాడేపల్లిగూడెం దగ్గరో గేటు పడితే ఆగి చూడండి. గూడ్సు బండి వేగంగా పోతుంటే వ్యాగను మీద రాతలు ఎవరికీ అందవు. పెట్టె చక్రాల మీద ఎంత కిందికి కూర్చుందో, పెట్టెకీ పెట్టెకీ మధ్య సందు ఎంతుందో, అదే కంటికి ఆనుతుంది. మన బాక్స్-ఎన్ బొగ్గు వ్యాగను పెట్టె పొడవు 9,784 మిల్లీమీటర్లు. వ్యాగన్లను తగిలించే కప్లర్లతో కలిపితే 10,713. అంటే రెండు వ్యాగన్ల మధ్య సందు 929. ఎన్ స్కేల్‌లో అది ఆరు మిల్లీమీటర్లకు లోపే. ఇలాంటి పాత పెట్టెలు రెండు తగిలించి కొలిస్తే పదకొండు వచ్చింది! ఆ సందులో నిలువెత్తు మనిషి పడుకోవచ్చు.

దీనికి కారణం రాపిడో కప్లింగు. ఈ లావుపాటి కొక్కెం బోగీకే అతుక్కుని ఉంటుంది. బోగీ అంటే ఇక్కడ రైలుపెట్టె కాదు, పెట్టె కింద తిరిగే చక్రాల చట్రం. బోగీ తిరిగినప్పుడు అదీ తిరగాలి కాబట్టి పెట్టెను పైకెత్తేశారు. చక్రాల అంచులు, అంటే పట్టా లోపలివైపు కిందికి దిగే భాగం, కూడా చూడండి. అసలు రైలుకు ఈ అంచు అంగుళం ఉంటుంది, మనకు 0.16 మిల్లీమీటర్లు చాలు. ఇక్కడ దాదాపు మిల్లీమీటరు ఉంది. అందుకే వీటిని పిజ్జా కట్టర్లంటారు.

ఇప్పుడు అసలు పని. బోగీ పిన్ను లాగేయండి. కింద ఇదిగో, ఈ గుండ్రటి దిమ్మె మీదే బోగీ ఆనుతుంది. సన్న ఆకురాయితో దీన్ని అరగదీయాలి. ఒక్కసారే తీసేయకండి. నాలుగు రాపిడులు, బోగీ పెట్టి చూడటం, మళ్లీ నాలుగు. అర మిల్లీమీటరు తగ్గిందంటే అసలు వ్యాగను 80 మిల్లీమీటర్లు కిందికి దిగినట్టు. దిమ్మె వాలుగా అరిగితే పెట్టె ఓ పక్కకి ఒరుగుతుంది, అది మాత్రం జాగ్రత్త. చక్రం అడుగుభాగానికి రాసుకుంటే పల్చటి కాగితం వాషరు ఒకటి వేయండి.

చక్రాలు మార్చేటప్పుడు 33 అంగుళాల లెక్క చూసుకోండి, అంటే 5.2 మిల్లీమీటర్లు. అంచు సన్నవే కొనండి. కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. కోడ్ 55 పట్టాలు వేసుకున్నవాళ్లకు లోతు అంచులు పట్టాను పట్టుకునే లోపలి మేకుల మీద టకటకా కొట్టుకుంటాయి. అన్నట్టు, మనలో చాలామంది దగ్గరున్న కోడ్ 80 పట్టా ఎత్తు 2 మిల్లీమీటర్లు. పెద్ద రైలు లెక్కలో 325. మన లైన్ల మీది 60 కిలోల పట్టా ఎత్తు 172 మాత్రమే. కొత్తగా లేఅవుట్, అంటే బల్ల మీద నమూనా రైలు దారి, మొదలెట్టేవాళ్లు కోడ్ 55తోనే మొదలెట్టండి, నా మాట వినండి.

కప్లింగుకి మైక్రో-ట్రెయిన్స్ 1015 వాడాను. పెట్టె అడుగునే స్క్రూతో బిగించాలి. సందు సగానికి సగం తగ్గిపోయింది, చూడండి. డబ్బులు తక్కువుంటే డెకాల్స్ (వ్యాగను మీద రాతలు అంటించే పల్చటి రేకులు) జోలికి పోకుండా ముందు ఈ చక్రాలు, కప్లింగులే కొనండి.

కప్పు మీద నడకబల్ల మిల్లీమీటరు మందం, అంటే అసలు కొలతలో ఆరంగుళాల దిమ్మె. అడుగు నుంచి గరుకు కాగితం మీద రుద్ది పల్చన చేశాను. 1966 తర్వాత అమెరికాలో కొత్త బాక్స్‌కార్లకు ఈ బల్లలు పెట్టడం మానేశారు. మీది ఆ తర్వాతి కాలం లేఅవుట్ అయితే పూర్తిగా తీసేసి బెజ్జాలు పూడ్చండి.

మన కోనసీమలో, నరసాపురం వైపు వానాకాలం తేమ సంగతి తెలుసుగా. సూపర్ గ్లూ వాడితే నల్లటి అడుగుభాగం మీద తెల్లటి పొర కట్టేస్తుంది. ప్లాస్టిక్ సిమెంటు వాడండి. స్ప్రే రంగు కూడా ముసురులో వేయొద్దు, పాలిపోతుంది.

బరువు మర్చిపోకండి. అమెరికా నమూనా రైళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ లెక్కన ఈ సైజు పెట్టె 27 గ్రాములు తూగాలి. తక్కువైతే వలలకు కట్టే సీసం గుళ్లు లోపల అంటించండి, చేతులు మాత్రం బాగా కడుక్కోండి.

చివరగా, వంపుల సంగతి. 248 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో ఈ 40 అడుగుల పెట్టె ఇబ్బంది లేకుండా తిరిగింది. ఇదే మార్పు చేసిన పొడవాటి వ్యాగన్లు అక్కడ ఒకదాన్నొకటి లాగేసుకుని పట్టా తప్పాయి. బల్ల చిన్నదై అంత ఇరుకు వంపులే ఉన్నవాళ్లు పొడవు వ్యాగన్లకు కప్లింగు బోగీకే ఉంచి, ఎత్తు మాత్రం దించుకోండి.