ఒకే రోగి, నాలుగు చీటీలు: మహమ్మారి కాలంలో అంతర్వృత్తి వైద్య విద్య

వేదిక మీది పెద్దలకు, ఎదుట ఉన్న వైద్య, దంతవైద్య, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ కళాశాలల అధ్యాపకులకు నమస్కారం. ఇన్ని కళాశాలల వారు ఒకే హాలులోకి రావడమే ఈ రోజు నాకు విశేషంగా కనిపిస్తోంది. కూర్చున్న తీరు చూస్తే మాత్రం ఎవరి కళాశాల వారు వారి వరుసలోనే ఉన్నారు. నేను తప్పు పట్టడం లేదు. కింద ఉంటే నేనూ మా కమ్యూనిటీ మెడిసిన్ వాళ్ల పక్కనే కూర్చునేవాణ్ణి.

అంతర్వృత్తి విద్య అనే మాట మనలో చాలామందికి ఇంకా కొత్తదే, ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్‌కు కుదింపైన ఐ.పి.ఇ. అనే పొడి అక్షరాలతోనే సమావేశాలు నడుపుకొస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వెలువరించిన కార్యాచరణ పత్రం దీనికిచ్చిన నిర్వచనం చాలా సులువైనది. రెండు గానీ అంతకు మించి గానీ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో కలిసి ఒకరు నేర్చుకోవాలి. ఆ నేర్పు కలిసి పనిచేయడానికీ, రోగి మేలుకీ ఉపయోగపడాలి. గురించి, నుంచి, తో అనే ఈ మూడింటిలో మనం ఇన్నాళ్లూ చివరిదానితోనే సరిపెట్టుకున్నాం. నాలుగు కళాశాలల పిల్లల్ని ఒక ఆడిటోరియంలో కూర్చోబెట్టి చేతులు కడుక్కోవడం మీద ఒక ఉపన్యాసం వినిపిస్తే, అది సహపంక్తి భోజనం లాంటిది. పక్కపక్కనే కూర్చుంటారు, ఎవరి విస్తరి వారిది.

ఈ పరిస్థితికి పిల్లలను గానీ అధ్యాపకులను గానీ నిందించి ప్రయోజనం లేదు. వైద్య విద్యకు ఒక నియంత్రణ మండలి, నర్సింగుకు ఒకటి, ఫార్మసీకి ఒకటి, దంతవైద్యానికి ఒకటి ఉన్నాయి. అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ స్థాయిలో ఒక కమిషన్ ఏర్పరిచే చట్టం 2021లో గానీ రాలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో వైద్య, దంత, నర్సింగ్ కళాశాలలు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉంటే, ఫార్మసీ కళాశాలలు ఎక్కువగా జె.ఎన్.టి.యు. సాంకేతిక విశ్వవిద్యాలయాల కింద ఉన్నాయి. తెలంగాణలోనూ ఇంచుమించు ఇదే ఏర్పాటు. ఒకరికి పరీక్షలు నడుస్తుంటే మరొకరికి సెలవులు. 2019లో అమలులోకి వచ్చిన ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక భారతీయ వైద్య పట్టభద్రుడికి అయిదు పాత్రలను నిర్దేశించింది. వాటిలో ఒకటి ఆరోగ్య బృందానికి ‘నాయకుడు, సభ్యుడు’ కావడం. ఆ జంట మాటలలో మొదటిది మన విద్యార్థులకు చెప్పకుండానే గుర్తుంటుంది.

ఆ కొత్త ప్రణాళికలో చేరిన మొదటి జట్టు ఏడాదైనా పూర్తి చేయకముందే 2020 మార్చి వచ్చింది. అమెరికాలో వైద్య కళాశాలల సంఘం మార్చి 17న, విద్యార్థులను రోగుల దగ్గరకు పంపడం తాత్కాలికంగా ఆపమని తన సభ్య కళాశాలలకు సూచించింది. మన దేశంలో మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా అదే రోజు వెలువడ్డాయి. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. మళ్లీ తరగతి గదులు తెరుచుకోవడానికి ఆ డిసెంబరు దాకా పట్టింది. ఈ మధ్యకాలంలో అనాటమీ పాఠమైనా, ఫార్మకాలజీ పాఠమైనా ఏదో రకంగా జూమ్‌లోకీ గూగుల్ మీట్‌లోకీ చేరాయి గానీ, ఉమ్మడి తరగతులు మాత్రం చాలాచోట్ల చప్పుడు లేకుండా ఆగిపోయాయి. వాటికి సొంతదారు లేడు. ఏ ఒక్కరి టైంటేబుల్‌లోనూ లేని పని ఆగిపోయిందని గమనించేవారు కూడా ఉండరు.

మేము ఆపకూడదని అనుకున్నాం; అక్కడ నేనే మొదటి పొరపాటు చేశాను. నాలుగు కళాశాలల విద్యార్థులను ఒకే ఆన్‌లైన్ సమావేశంలోకి పిలిచి, ఆక్సిజన్ శాతం హఠాత్తుగా పడిపోయిన ఒక రోగి కథ చెప్పి, చర్చించమన్నాను. తెర మీద అందరి గళ్లూ ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి వార్డులోని హెచ్చుతగ్గులు ఇక్కడ ఉండవని నా నమ్మకం. లాప్‌టాప్, వైఫై, ఇంగ్లీషు ఉన్నవారు మాట్లాడారు. నాన్న పొలం నుంచి వచ్చాక ఆయన ఫోను తీసుకుని, సిగ్నలు కోసం డాబా ఎక్కి కూర్చున్న నర్సింగ్ విద్యార్థినులు వీడియో ఆపుకుని విన్నారు. ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ నుంచి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే న్యుమోథొరాక్స్ దాకా అన్ని కారణాలనూ ఇరవై నిమిషాలు తర్కించారు. తరగతి ముగిశాక చాట్ పెట్టె తెరిచి చూస్తే, అయిదో నిమిషంలోనే ఒక నర్సింగ్ విద్యార్థిని రాసిన మాట కనబడింది: “సార్, ముందు ఫ్లో మీటరూ ట్యూబూ చూడాలి కదా?” రోగికి ఆక్సిజన్ అసలు అందుతోందో లేదో ముందు చూడమనడం అది. ఆ మాటను ఎవరూ చూడలేదు, నేను కూడా.

ఇది మన దగ్గరే జరిగే సంగతి కాదు. 2014 సెప్టెంబరులో అమెరికాలోని డల్లాస్‌లో జ్వరంతో అత్యవసర విభాగానికి వచ్చిన ఒక వ్యక్తి తాను పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చానని నర్సుకు చెప్పాడు. ఆమె నమోదు చేసింది. ఆ సమాచారం వైద్య నిర్ణయంలోకి మాత్రం చేరలేదు. యాంటీబయాటిక్స్ ఇచ్చి ఇంటికి పంపారు. రెండు రోజులకు అతను అంబులెన్సులో తిరిగి వచ్చాడు. ఎబోలా అని తేలింది. అక్టోబరు 8న చనిపోయాడు. అతనికి సేవ చేసిన ఇద్దరు నర్సులకు కూడా వ్యాధి సోకింది. అక్కడ ఎవరికీ చదువు తక్కువ కాలేదు. ఒక వివరం ఒకరి చేతిలో నుంచి మరొకరి చేతిలోకి మారలేదు, అంతే. చేతులు మారే ఆ క్షణాన్ని నేర్పడానికి మన పాఠ్యప్రణాళికలలో ఏ సబ్జెక్టూ లేదు.

చాట్ పెట్టెలోని ఆ ప్రశ్న చదివాక మేము అంశాలను పక్కన పెట్టి పనులను పట్టుకున్నాం. కోవిడ్ మీద చర్చ అంటే ఎవరి పుస్తకం వారు తెరుస్తారు. ఒక పని ఇచ్చి, రెండో మనిషి లేకుండా అది ముగియకుండా చూస్తే, మాట్లాడక తప్పదు. మొదట తీసుకున్నది రాత్రి డ్యూటీ ఫోను. ఒక నర్సింగ్ విద్యార్థిని, ఒక ఎం.బి.బి.ఎస్. విద్యార్థి జంట. వీడియో లేదు, డేటా ఖర్చు లేదు, మామూలు ఫోను కాలే. ఆమె చేతిలో రోగి చార్టు ఉంటుంది; అతను తన ఇంట్లో, డ్యూటీ గదిలో ఉన్నట్టు ఊహించుకుంటాడు. మూడు నిమిషాలలో ఆమె నాలుగు సంగతులు చెప్పాలి: ఇప్పటి పరిస్థితి, దాని పూర్వాపరాలు, తన అంచనా, తన సూచన. ఇది అమెరికా నౌకాదళం తన జలాంతర్గాములలో వాడిన పద్ధతి నుంచి ఆసుపత్రులలోకి వచ్చింది. ఆ నాలుగు సంగతుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో ఏర్పడిన ఎస్‌బార్ అనే పేరుతో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సముద్రం అడుగున పై అధికారికి మొహమాటం లేకుండా, క్లుప్తంగా చెప్పవలసిన అవసరం వార్డులో అర్ధరాత్రి రెండు గంటలకు ఉండే అవసరం లాంటిదే.

మొదటి రెండు మెట్లూ అందరూ ఎక్కారు. మూడో మెట్టు దగ్గర తడబడ్డారు. నాలుగోదైన సూచన దగ్గరకు వచ్చేసరికి దాదాపు ప్రతి నర్సింగ్ విద్యార్థినీ “మీరే చెప్పండి సార్” అనేది. అవతల ఉన్నవాడు ఆమె కంటే వయసులో చిన్న అయినా సరే. తెలియక కాదు, తరువాత విడిగా అడిగితే ఏం చేయాలో తడుముకోకుండా చెప్పారు. మేము రెండు మార్పులు చేశాం. మొదటిది, ఫోనులో తెలుగులోనే మాట్లాడవచ్చని చెప్పడం. మందుల పేర్లూ అంకెలూ ఎలాగూ ఇంగ్లీషులోనే వస్తాయి. రెండోది, విన్నవాడు తాను విన్నదాన్ని తిరిగి చెప్పి, “మీరు ఏమనుకుంటున్నారు?” అని అడిగితే తప్ప ఫోను కాల్ ముగిసినట్టు కాదని నియమం పెట్టడం. ఈ రెండో నియమం ఎం.బి.బి.ఎస్. విద్యార్థులను ఎంత ఇబ్బంది పెట్టిందో చూశాక, ఇన్నాళ్లూ మేము మాట్లాడటమే నేర్పామనీ, వినడం నేర్పలేదనీ నాకు అర్థమైంది.

రెండో పని 2021 మే తరువాత దొరికింది. బ్లాక్ ఫంగస్ అని పత్రికలు రాసిన మ్యూకోర్‌మైకోసిస్ కేసులు పెరిగి, కేంద్రం కోరిన మీదట రాష్ట్రాలు దానిని అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించిన రోజులవి. మేము ఒక కల్పిత రోగిని తయారు చేశాం: యాభై దాటిన రైతు, మధుమేహం ఉంది, కోవిడ్ వచ్చి ఇంట్లోనే తగ్గింది. అతని కథను నాలుగు చీటీలుగా చింపాం. వైద్య విద్యార్థికి కేస్ షీటు: ముక్కు దిబ్బడ, ఒకవైపు ముఖం నొప్పి, వాలిన కనురెప్ప. నర్సింగ్ విద్యార్థినికి వారం రోజుల షుగరు అంకెలు, ముక్కు నుంచి నల్లటి స్రావం వచ్చిందని రాత్రి రాసిన ఒక గమనిక. ఫార్మసీ విద్యార్థికి మందుల దుకాణం చీటీలు. దంతవైద్య విద్యార్థినికి ఒకే ఒక వాక్యం: పై పళ్లు రెండు ఉన్నట్టుండి కదులుతున్నాయి. ఎవరి చీటీ వారు చదవవచ్చు గానీ ఇతరులకు చూపించకూడదు, మాటల్లోనే చెప్పుకోవాలి.

ఏ ఒక్క చీటీతోనూ జబ్బు పూర్తిగా తేలదు. కదిలే పళ్ల సంగతి చెప్పాలా వద్దా అని దంతవైద్య విద్యార్థిని చాలాసేపు సందేహించింది. అది తన విభాగానికి సంబంధించిన చిన్న ఫిర్యాదేనని ఆమె అనుకుంది. ఫార్మసీ విద్యార్థి మాత్రం మందుల చీటీలు చదువుతూ మధ్యలో ఆగి, ఆక్సిజన్ అవసరమే పడని మనిషికి ఇన్ని రోజుల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు ఎవరు రాశారని అడిగాడు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన 2020 జూన్‌లోనే ఆ మందు ఆక్సిజన్ మీదా వెంటిలేటర్ మీదా ఉన్నవారికి మేలు చేస్తుందనీ, ఆక్సిజన్ అక్కరలేనివారికి మేలు చేయదనీ చూపించింది. స్టెరాయిడు షుగరును పెంచిందనీ, పెరిగిన షుగరు ఫంగస్‌కు దారి ఇచ్చిందనీ అప్పుడు నర్సింగ్ విద్యార్థిని చేతిలోని అంకెలు సాక్ష్యం పలికాయి. వైద్య విద్యార్థులు కాసేపు మాట్లాడలేదు. రాసింది వారు కాకపోయినా, రేపు రాయబోయేది వారే.

చికిత్స దగ్గరా ఇదే జరిగింది. ఫంగస్‌కు వాడే యాంఫోటెరిసిన్ ఇవ్వాలని వైద్య విద్యార్థి ఠక్కున చెప్పాడు. దాన్ని సెలైన్‌లో కలపకూడదని, 5 శాతం డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర ద్రావణంలోనే కలపాలని ఫార్మసీ విద్యార్థి చెప్పాడు. మధుమేహ రోగికి డెక్స్‌ట్రోజా అని వైద్య విద్యార్థి ఉలిక్కిపడితే, ఆ చర్చే అరగంట సాగింది. ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు కాబట్టి పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలకు రక్తం ఎప్పుడు తీయాలో, తేడా వస్తే ఎవరికి ఫోను చేయాలో నర్సింగ్ విద్యార్థిని తేల్చింది. ఇక్కడొక లోపం ఒప్పుకోవాలి. ఈ కేసులో ఫిజియోథెరపీ విద్యార్థులకు మేము ఇచ్చింది అతికించిన పాత్ర. ఆ మాట వాళ్లే మా ముఖం మీద చెప్పారు. ప్రతి కేసులోనూ ప్రతి వృత్తికీ వాటా పంచాలన్న తాపత్రయం మనలో ఉంది; అది మానుకోవడం మంచిది.

వారికి అసలైన చోటు బోర్లా పడుకోబెట్టే చికిత్సలో ఉంది, అది తెర మీద నేర్పగలిగేది కాదు. వెంటిలేటరు మీద ఉన్న రోగిని బోర్లా తిప్పేటప్పుడు తల దగ్గర నిలబడి గొంతులోని ట్యూబును పట్టుకున్న వ్యక్తే అంకెలు లెక్కపెట్టాలి. ఆ లెక్క మీదే మిగతావారు కదలాలి. పక్కన ప్రొఫెసరు ఉన్నా లెక్క ఆయనది కాదు. పి.పి.ఇ. కిట్టు సంగతీ అంతే: తొడుక్కోవడం కంటే విప్పడం ప్రమాదం, అందుకే ఎదుట ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ చూసి చెప్పాలి. మేము ఆ చూసే మనిషి ఎప్పుడూ వేరే వృత్తి నుంచే ఉండాలని నియమం పెట్టాం. హౌస్ సర్జన్‌ను “ఆగండి, ముందు గ్లవ్స్ మీద శానిటైజర్” అని ఒక నర్సింగ్ విద్యార్థిని ఆపడం, అతను ఆగడం, ఏ ఉపన్యాసం కంటే ఎక్కువ పని చేసింది. అయితే వార్డులలో చాలామందికి కిట్టు విప్పడం నిజంగా నేర్పింది సీనియర్ సిస్టర్లు, కొన్నిచోట్ల పారిశుద్ధ్య సిబ్బంది. వారి పేర్లు ఏ శిక్షణ నివేదికలోనూ ఎక్కలేదు.

2021 మే 3న కేంద్రం తీసుకున్న నిర్ణయాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించాలి. చివరి సంవత్సరం ఎం.బి.బి.ఎస్. విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణలో ఫోను సంప్రదింపులకూ, తేలికపాటి కేసుల పరిశీలనకూ, నర్సింగ్ పట్టభద్రులను కోవిడ్ సేవలకూ వినియోగించుకోవచ్చన్నారు; వంద రోజుల సేవ పూర్తిచేసినవారికి ప్రభుత్వ నియామకాలలో ప్రాధాన్యం ఉంటుందన్నారు. ఆ రోజుల్లో చేతులు కావలసి వచ్చాయి, కాదనలేం. కానీ డాక్టర్ల జాబితా ఒకటి, నర్సుల జాబితా ఒకటి విడిగా తయారై, ఎవరి పర్యవేక్షకుడు వారికి ఉన్నచోట, ఒకే వార్డులో పక్కపక్కన చాకిరీ చేసిన పిల్లలకు ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే తీరిక ఎక్కడిది? డ్యూటీ ముగిశాక పది నిమిషాలు కలిసి కూర్చుని, ఈ రాత్రి ఏం జరిగిందో చెప్పుకునే ఏర్పాటు ఉన్నచోట్ల అది చదువు అయింది. లేనిచోట్ల అది డ్యూటీ మాత్రమే.

ఇప్పుడు తరగతులన్నీ హాళ్లలోకి తిరిగి వచ్చాయి. జంట ఫోను కాల్‌ను మేము మానలేదు. కళాశాలల మధ్య దూరాన్నీ, హాలు దొరకని ఇబ్బందినీ అది ఒక్క దెబ్బతో తప్పించింది. దానికి మార్కులు కూడా ఉంటేనే పిల్లలు పట్టించుకుంటారని గ్రహించి, ప్రాక్టికల్ పరీక్షలలో రోగి వివరాలను ఒకరు మరొకరికి అప్పగించే పది నిమిషాల ఉమ్మడి పరీక్ష పెట్టమని ఒక ప్రతిపాదన రాశాం. ఒక నర్సింగ్ విద్యార్థిని, ఒక ఎం.బి.బి.ఎస్. విద్యార్థి కలిసి రాసే పరీక్ష అది, ఇద్దరికీ ఒకే మార్కు. ఎవరూ కాదనలేదు. ఆ ఒక్క మార్కు మీద ఏ విభాగం పరీక్షకుడు సంతకం చేయాలన్న ప్రశ్న దగ్గర ఫైలు ఆగి ఉంది. ఈ హాలులో రెండు విభాగాల పరీక్షకులూ ఉన్నారు. భోజన విరామంలో నేను ఆ కాగితాలతో మీ దగ్గరికి వస్తాను.