ఐపీ పెట్టే ముందు, బ్యాంకు నోటీసు వచ్చిన వెంటనే

సభకు నమస్కారం.

‘ఐపీ పెట్టాడు’ అనే మాట వినపడని ఊరు మన దగ్గర లేదు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అది వేస్తే అప్పులన్నీ పోతాయని, ఇల్లు నిలబడుతుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంతో బ్యాంకు నోటీసుల్ని విప్పకుండా బీరువాలో పెడతారు. అందుకే ముందు ఐపీ సంగతి చెబుతాను.

2016 దివాలా స్మృతిలో వ్యక్తులకూ ఒక భాగం ఉంది. కానీ అది 2019 డిసెంబరు 1 నుంచి, కంపెనీ అప్పులకు సొంత హామీ ఇచ్చినవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది. సొంత పేరున కొట్టో, మిల్లో నడిపేవాళ్లకు, ఉద్యోగులకు నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. అప్పులు, అప్పులవాళ్ల చిరునామాలు, ఆస్తులు అన్నీ పిటిషన్‌లో చూపాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక, జప్తు నుంచి చట్టం మినహాయించినవి తప్ప మిగతా ఆస్తి కోర్టుకో, కోర్టు నియమించే రిసీవరుకో దఖలు పడుతుంది.

తనఖా పట్టుకున్న బ్యాంకును ఐపీ ఆపదు. తన హామీ ఆస్తిని అది వేలం వేసుకోవచ్చు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో భార్య పేరో, కొడుకు పేరో రాసిన గిఫ్టు డీడ్‌ను కోర్టు రద్దు చేయగలదు. చివరి మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికే మొగ్గు చూపి కట్టినదీ నిలవదు. అన్నిటికంటే తెలియనిది ఇంకొకటుంది. దివాలాదారుగా ప్రకటిస్తే అప్పు తీరినట్టు కాదు. కోర్టు ఇచ్చిన గడువులోగా విడుదల కోసం, అంటే డిశ్చార్జి కోసం, మళ్లీ దరఖాస్తు పెట్టాలి. అది పెట్టకపోతే ప్రకటనే రద్దయి, అప్పులవాళ్లు మళ్లీ గుమ్మంలో ఉంటారు. ఆ డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు పోవు. మీకు జామీను ఉన్న స్నేహితుడూ బయటపడడు.

ఇక ఇల్లు. కిస్తీ తప్పిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ తర్వాత ఒకటి రెండు కిస్తీలు కట్టి ఊపిరి పీల్చుకుంటారు. అది పొరపాటు. పాత బకాయి మొత్తం, వడ్డీతో సహా, కడితేనే ఖాతా మామూలు స్థితికి వస్తుంది. కాబట్టి చేతిలో ఉన్న డబ్బును 90 రోజుల లోపలే వాడండి.

తర్వాత సర్ఫేసీ చట్టం 13(2) నోటీసు వస్తుంది. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం ఇది. బాకీ కట్టడానికి గడువు 60 రోజులు. ఈ నోటీసుకు రాతపూర్వకంగా అభ్యంతరం పంపితే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. వడ్డీ లెక్కలో తప్పున్నా, కట్టినది జమ కాకున్నా అడగవలసిన చోటు ఇదే. నోటి మాట పనికిరాదు. రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకోండి. ఆ గడువు దాటాక బ్యాంకు స్వాధీనపు నోటీసు గోడకు అంటిస్తుంది, పత్రికల్లోనూ వేస్తుంది. ఆ చర్య నుంచి 45 రోజుల్లోపు డీఆర్‌టీకి, అంటే అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు, వెళ్లాలి. హైదరాబాదులోనూ, విశాఖలోనూ ట్రిబ్యునళ్లు ఉన్నాయి. చాలామంది ఈ 45 రోజుల్ని సివిల్ కోర్టులో ఇంజంక్షన్ కోసం తిరుగుతూ పోగొట్టుకుంటారు. ఇలాంటి విషయాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదు. డీఆర్‌టీలో ఓడితే అప్పీలుకు బాకీలో సగం డిపాజిట్ చేయాలి. అప్పీలు ట్రిబ్యునల్ తగ్గించినా పావు వంతుకు దిగదు. వేలం ప్రకటన వెలువడక ముందే మొత్తం బాకీ, ఖర్చులతో కడితే ఇల్లు విడిపించుకోవచ్చు. 2016 సవరణ తర్వాత వేలం రోజు దాకా ఆగే వీలు పోయింది.

సాగులో ఉన్న వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. రికార్డులో వ్యవసాయం అని రాసి ఉంటే సరిపోదు, నిజంగా సాగు జరుగుతుండాలి.

వ్యాపారులకు దారులు కొంచెం ఎక్కువ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు, ఉన్న సంస్థకు 25 కోట్ల రూపాయల లోపు అప్పుంటే, ఖాతా ఎన్‌పీఏ కాకముందే బ్యాంకు పునరుద్ధరణ కమిటీకి మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆర్డర్లు, స్టాకు, రావలసిన బిల్లుల జాబితా జతచేసి, ఏ నెలకు ఎంత కట్టగలరో అంకెలతో చూపండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీల ట్రిబ్యునల్, ఉంది. మామూలు దివాలా ప్రక్రియలో యాజమాన్యం ఆ ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి పోతుంది. 2021లో చిన్న పరిశ్రమల కోసం వచ్చిన ప్రీ-ప్యాక్‌లో, అంటే అప్పులవాళ్లతో ముందే మాట్లాడుకుని వెళ్లే పద్ధతిలో, అది సాధారణంగా మీ చేతిలోనే ఉంటుంది. దీనికి కనీసం 10 లక్షల ఎగవేత ఉండాలి. వ్యవధి 120 రోజులు. అయితే కంపెనీ అప్పు పరిష్కారమైనంత మాత్రాన డైరెక్టరు ఇచ్చిన వ్యక్తిగత హామీ తొలగిపోదని 2021లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సంతకం పెట్టేటప్పుడు ఇది గుర్తుండాలి.

చివరిగా ఒకేసారి పరిష్కారం, మనం ఓటీఎస్ అనేది. అది హక్కు కాదు, బ్యాంకు ఒప్పుకుంటేనే. మంజూరు పత్రం చేతికి రాకుండా డబ్బు కట్టకండి. తగ్గించుకుని కట్టిన ఖాతా క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని కనిపిస్తుంది, కొత్త అప్పుకు అది అడ్డు. కట్టాక బకాయి లేదన్న పత్రం తీసుకోండి. అసలు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం మీకు రావాలి, అడగండి.