బుధవారం వచ్చిన పండగ

అధ్యక్షులు గారికి, కార్యవర్గానికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. సెక్రటరీ గారు నాకిచ్చిన అంశం 'డెట్రాయిట్ క్రీడా చరిత్ర'. ఇచ్చిన టైము పదిహేను నిమిషాలు. అంత చరిత్ర అంతలో ఇమడదు. అందుకని ఒక్క మనిషి గురించి, నిజానికి ఆయన ఆడని ఒక్క ఆట గురించి చెప్తాను.

ఆయన పేరు హ్యాంక్ గ్రీన్‌బర్గ్. 1911లో న్యూయార్క్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు రుమేనియా నుంచి వలస వచ్చిన యూదులు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. మన డెట్రాయిట్ బేస్‌బాల్ జట్టు టైగర్స్‌లో ఫస్ట్ బేస్ దగ్గర ఆడేవాడు. 1938లో ఒక్క సీజన్‌లోనే 58 హోమ్ రన్లు, మన క్రికెట్ సిక్సర్ల లాంటివి, కొట్టాడు. అప్పటికి బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ రికార్డు 60. దీన్నిబట్టి ఆయన స్థాయి ఏమిటో ఊహించుకోండి.

1934 సంగతి చెప్తాను. టైగర్స్ లీగ్ గెలిచి పాతికేళ్ళయింది, 1909 తర్వాత మళ్ళీ లేదు. ఆ ఏడు మొదటి స్థానంలో ఉన్నారు, వెనక న్యూయార్క్ జట్టు యాంకీస్ ఉన్నారు. ఊరంతా టెన్షన్. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా, దాని తర్వాత యోమ్ కిప్పూర్ వచ్చాయి.

ఇక్కడ కాసేపు పంచాంగం చెప్పుకోవాలి. పంచాంగం తెలిసినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. వాళ్ళవీ మనలాగే చాంద్రమాసాలు. మనలాగే అధిక మాసం ఉంది. 19 ఏళ్ళలో ఏడుసార్లు అదనపు నెల కలుపుతారు. అందుకే పండగ ఒక ఏడు సెప్టెంబరులో, ఒక ఏడు అక్టోబరులో పడుతుంది. మనకి రోజు సూర్యోదయంతో మొదలైతే వాళ్ళకి సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కొత్త సంవత్సరం మొదలైన పదో రోజు యోమ్ కిప్పూర్. దాదాపు 25 గంటలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు, పని చెయ్యరు. ఆ రోజుల్లో బేస్‌బాల్‌లో అసలైన ఆటలన్నీ కూడా సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనే. రెండు క్యాలెండర్లూ ఢీకొట్టేది అక్కడే.

1934 సెప్టెంబరు 10, సోమవారం, రోష్ హషానా. ఆడాలా వద్దా అని గ్రీన్‌బర్గ్ చివరిదాకా తేల్చుకోలేదు. ఆడొచ్చని ఒకరు, కూడదని ఒకరు, పత్రికల్లో చర్చలు. ఆఖరికి ఆడాడు. బోస్టన్ రెడ్ సాక్స్ మీద 2-1తో గెలిచారు. ఆ రెండు పరుగులూ ఆయన కొట్టిన రెండు హోమ్ రన్లే. రెండోది చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, దాంతోనే ఆట ముగిసింది. ఆ రోజుల్లో డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక హీబ్రూ అక్షరాల్లో కొత్త సంవత్సర శుభాకాంక్షలు అచ్చువేసింది. అంత గెలిపించి కూడా, ఆడి తప్పు చేశానేమో అని ఆయన మనసు పీకుతూనే ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబరు 19న, యోమ్ కిప్పూర్. బుధవారం. ఆట ఎవరితోనో తెలుసా? యాంకీస్‌తో! గ్రీన్‌బర్గ్ ఆడలేదు. షారే జెడెక్ సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి వెళ్ళాడు. ఇప్పుడది సౌత్‌ఫీల్డ్‌లో ఉంది, మీలో చాలామంది దాని ముందు నుంచే కారులో వెళ్తుంటారు. అప్పుడు షికాగో బులవార్డ్ మీద ఉండేది. ఉపవాసాలుండి ప్రార్థన చేసుకుంటున్న జనం మధ్యలోకి ఈ తాటిచెట్టంత మనిషి నడిచొచ్చేసరికి, ప్రార్థన ఆపేసి చప్పట్లు కొట్టారు. ఉపవాసం రోజు, దేవుడి ముందు, చప్పట్లు! ఆయన సిగ్గుతో ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు. టైగర్స్ 5-2తో ఓడిపోయారు. అయినా లీగ్ గెలిచారు.

అప్పటి డెట్రాయిట్ ఎలాంటిదో తెలియకపోతే ఆ చప్పట్లు అర్థం కావు. ఇక్కడికి పక్కనే డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ పత్రిక 1920లలో ఏళ్ళ తరబడి యూదుల మీద విషం కక్కింది. 1930లలో రాయల్ ఓక్ నుంచి ఫాదర్ కాగ్లిన్ అనే క్యాథలిక్ మతగురువు రేడియోలో మాట్లాడేవాడు, పోనుపోను అవీ యూదుల మీద దాడులే అయ్యాయి. మైదానంలో గ్రీన్‌బర్గ్ తిట్లు తినని రోజు లేదు. అలాంటి ఊళ్ళో ఒకడు, అందరూ చూస్తుండగా, ఇవాళ మా పండగ, నేను రాను అన్నాడు.

ఇప్పుడు నా గోడు వినండి. సెక్రటరీ గారు అప్పుడే వాచీ చూస్తున్నారు, చూడనివ్వండి.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో వినాయక చవితికి సెలవడిగాను. మా మేనేజరు మంచివాడే. "దానికేం, శనివారం చేసుకోకూడదా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ మాట ఇతనికెక్కడిది అని ఆరా తీస్తే, అంతకుముందు మనవాళ్ళే దీపావళికి పిలిచారట. అసలు దీపావళి అయిపోయిన రెండు వారాలకి, హాలు దొరికిన శనివారం! ఆయన తప్పేముంది? ఇండియావాళ్ళ పండగలు ఎటు జరిపితే అటు జరుగుతాయని మనమే నేర్పాం. అదే సెక్షన్‌లో పనిచేసే యూదు మిత్రుడు యోమ్ కిప్పూర్ ముందురోజు పొద్దుగూకక ముందే బల్ల సర్దుకుని వెళ్ళిపోయేవాడు. శనివారం చేసుకోవయ్యా అని అతనితో ఎవరూ అనలేదు.

ఎందుకనలేదు? గ్రీన్‌బర్గ్ తర్వాత శాండీ కోఫాక్స్ వచ్చాడు కాబట్టి. 1965 అక్టోబరు 6. మళ్ళీ బుధవారమే, చూడండి! ఆ ఏటి ఛాంపియన్ ఎవరో తేల్చే వరల్డ్ సిరీస్ మొదటి ఆట, మిన్నెసోటాలో. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుకే కాదు, దేశానికే మేటి పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఆయన. యోమ్ కిప్పూర్ అని ఆడలేదు. బదులు దిగిన డాన్ డ్రైస్‌డేల్ మూడు ఇన్నింగ్స్ పూర్తికాకుండానే ఏడు పరుగులిచ్చాడు. తనను మార్చడానికి వచ్చిన జట్టు మేనేజరుతో, "నేనూ యూదుణ్ణయితే బాగుండునని ఇప్పుడు అనుకుంటున్నారు కదూ?" అన్నాడని చెప్పుకుంటారు. డాడ్జర్స్ 8-2తో ఓడారు. మర్నాడు కోఫాక్స్ దిగినా ఓడారు. ఆ తర్వాత ఐదో ఆట కోఫాక్స్ 7-0తో గెలిపించాడు. చివరి ఏడో ఆట, రెండంటే రెండు రోజుల విశ్రాంతితో, మోచేతి నొప్పితో, 2-0. సిరీస్ వాళ్ళదే.

వీళ్ళేదో మహా భక్తులని అనుకోకండి. ఇద్దరూ కారు. గ్రీన్‌బర్గ్ ఏ స్థాయి ఆస్తికుడంటే, తర్వాత్తర్వాత యోమ్ కిప్పూర్ రోజు పిల్లల్ని బడి మాన్పించి న్యూయార్క్‌లోని ప్లానెటేరియానికి తీసుకెళ్ళేవాడు. నక్షత్రాలు చూడడమే ఆ పండగ అనుకున్నారట పాపం ఆ పిల్లలు! నాకు ఆయన ఇంకా నచ్చింది ఇందుకే. గుడి సంగతి ఎలా ఉన్నా, ఆ రోజు మాత్రం మామూలు రోజు కాదు. బడి లేదు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. డెట్రాయిట్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచిన రోజు 1935 అక్టోబరు 7. అది కూడా యోమ్ కిప్పూరే. ఆ రోజూ గ్రీన్‌బర్గ్ ఆడలేదు. మణికట్టు విరిగి అప్పటికే బయట కూర్చున్నాడు. విరక్కపోతే ఏం చేసేవాడు? ఊరు ఊపిరి బిగబట్టి చూస్తున్న ఆట మానేసేవాడా? నేను చాలాసార్లు ఆలోచించాను. మీరూ ఇళ్ళకి వెళ్ళేటప్పుడు కారులో వాదించుకోండి.

పోయినసారి ఈ మాటెత్తితే ఒక తమ్ముడు లేచి, "వాళ్ళూ సర్దుకుంటారు కదండీ" అని నిలదీశాడు. నిజమే. యోమ్ కిప్పూర్ శుక్రవారం గానీ ఆదివారం గానీ పడకుండా వాళ్ళ లెక్కలోనే కట్టు ఉంది. పక్కనే సబ్బాతు, అంటే పని చెయ్యని శనివారం వస్తే వరసగా రెండు రోజులు వంటా పనీ ఉండవని ఆ ఏర్పాటు. అంతేగాని హాలు అద్దె తక్కువని కాదు బాబూ!

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు పండగలు చేసుకునే తెలుగువాళ్ళున్నారు. సినగాగ్ కూడా ఉంది. అమ్మా, ఆ కబుర్లు భోజనాల దగ్గర చెప్తాను, ఇప్పుడు మొదలుపెడితే మైకు లాగేసుకుంటారు.

శనివారం సంబరాలు ఆపమని నేననడం లేదు. పిల్లల డాన్సులు, పులిహోర అన్నీ ఉండనివ్వండి. వచ్చే ఉగాది ఏ వారం వస్తే ఆ వారం, ఆ రోజు సెలవు పెట్టండి. సెలవు కారణం దగ్గర 'పర్సనల్' అని రాయకండి. 'ఉగాది' అని రాయండి. కార్యవర్గం వారు కూడా పండగల జాబితా వేసేటప్పుడు హాలు తేదీ కంటే ముందు అసలు తేదీ పెద్దక్షరాల్లో వెయ్యాలి. దీనికి తీర్మానం రాసి తెచ్చాను, కాఫీ బల్ల మీద ఉంది. ఇష్టమున్నవాళ్ళు సంతకం పెట్టండి. పెన్ను మాత్రం నాది, అక్కడే వదిలెయ్యండి. నమస్కారం.