సజీవ కణంలో అణువుల జాడ: ఒక్క శిఖరం చాలదు

సభకు నమస్కారం. తిరుపతిలోని కళాశాలల నుంచి, విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన విద్యార్థులే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కనుక, రామన్ వర్ణపటాన్ని, అంటే లేజర్ పడిన అణువులు వెదజల్లే కాంతిలో ఏ రంగు ఎంత ఉందో చూపే గీతను, తీయడం గురించి కన్నా దాన్ని చదవడం గురించి మాట్లాడతాను.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి గుర్తించిన ప్రభావం చాలా బలహీనమైనది. దాదాపు కోటి ఫోటాన్లలో ఒక్కటి మాత్రమే అణువు కంపనాలతో శక్తిని ఇచ్చిపుచ్చుకొని, రంగు మార్చుకొని బయటికి వస్తుంది. అయినా పరారుణ కాంతిని గట్టిగా పీల్చుకునే నీరు రామన్ వర్ణపటానికి పెద్దగా అడ్డు రాదు కాబట్టి, కణాన్ని ఎండబెట్టకుండా, రంగు వేయకుండా, బతికి ఉండగానే పరిశీలించవచ్చు. 1990లో పప్పెల్స్ బృందం ఒక్క చిన్న బిందువు నుంచి వచ్చే కాంతినే పట్టే కాన్‌ఫోకల్ మైక్రోస్కోపుతో ఒక్కొక్క సజీవ కణం నుంచి ఇలాంటి వర్ణపటాలను తీసి చూపింది.

అసలు చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. కణంలోని ప్రోటీన్లు, కొవ్వులు, కేంద్రకామ్లాల (డి.ఎన్.ఎ., ఆర్.ఎన్.ఎ.) వర్ణపటాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మన చిత్తూరు తోతాపురి మామిడిపండు కండలోని కణాన్నే తీసుకోండి. కాంతి రంగు ఎంత మారిందో చెప్పే కొలతలో, సెంటీమీటరుకు 1003 తరంగాల దగ్గర శిఖరం, అంటే గీత పైకి లేచిన చోటు, కనిపిస్తే, అది ప్రోటీన్లలో ఉండే ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లానిది, కనుక అక్కడ ప్రోటీన్ ఉందని తేల్చేయాలనిపిస్తుంది. కానీ పండుకు పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్ కూడా 1005 దగ్గర శిఖరం చూపుతుంది. ఆకుపచ్చ లేజర్ వాడితే ఆ కాంతిని కెరోటిన్ తానే పీల్చుకోవడం వల్ల వచ్చే అనునాదంతో మరింత బలంగా చూపుతుంది. ఆ ఒక్క శిఖరాన్ని ఎంతసేపు చూసినా ఈ తగవు తీరదు. అది కెరోటిన్‌దే అయితే 1157, 1525 దగ్గరి శిఖరాలు కూడా దానితో పాటే పెరిగి, దానితో పాటే తగ్గాలి. కణంలోని వందలాది బిందువుల దగ్గర ఏయే శిఖరాలు కలిసి మారుతున్నాయో పట్టి చూపడమే బహుచర విశ్లేషణ చేసే పని.

అలాంటి పద్ధతుల్లో ఒకటి, 1901లో కార్ల్ పియర్సన్ పునాది వేసిన ప్రధానాంశ విశ్లేషణ (పి.సి.ఎ.). అది కలిసి మారే శిఖరాలను కొన్ని అంశాలుగా కూరుస్తుంది. అందులో రుణ విలువలు కూడా వస్తాయి కనుక, ఒక్కొక్క అంశాన్ని ఒక్కొక్క అణువు వర్ణపటంగా భావించకూడదు. ఏ అణువు పరిమాణమూ సున్నా కన్నా తగ్గదన్న నియమాన్ని ముందే పెట్టుకునే ఎం.సి.ఆర్. (మల్టీవేరియేట్ కర్వ్ రిజల్యూషన్) పద్ధతి రసాయన శాస్త్రానికి మరింత దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పదలచాను. మొదటి ప్రధానాంశం అంటే అన్నిటికన్నా ఎక్కువగా మారుతున్నది అని మాత్రమే అర్థం. అది ప్రతిదీప్తి (ఫ్లోరోసెన్స్) కావచ్చు, కణాన్ని ఉంచిన గాజు పలక కావచ్చు, నిన్నటికీ ఇవాళ్టికీ లేజర్ అమరికలో వచ్చిన తేడా కావచ్చు. ఒకే పాత్రలో పెంచిన కణాల వర్ణపటాలనే రెండు భాగాలు చేసి, ఒకదానితో నమూనా (కణాలను గుర్తుపట్టే గణిత మోడల్) కట్టి రెండోదానితో పరీక్షిస్తే ఫలితం ఘనంగానే వస్తుంది, కానీ ఆ నమూనా గుర్తుపట్టింది కణాన్నా, పాత్రనా అన్నది తేలదు. పరీక్షకు ఉంచే కణాలు వేరే రోజు, వేరే పాత్రలో పెంచినవై ఉండాలి. ఏవి పరీక్షకో కొలతలు మొదలుపెట్టక ముందే నోటుబుక్కులో రాసిపెట్టుకోవాలి.