ఉపవాసం, ఇమ్యూనిటీ, మా మావయ్యగారి మాత్రలు

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇవాళ శనివారం. మా ఆయన పిల్లల్ని ఈత క్లాసుకి తీసుకెళ్లారు, ఇల్లు కాసేపు ప్రశాంతంగా ఉంది. అందుకే ఫోన్ ఇలా కిచెన్ గట్టు మీద నిలబెట్టి, పని చేసుకుంటూ మీతో మాట్లాడదామని మొదలుపెట్టాను. ఈ మధ్య ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే ప్రశ్న: ఉపవాసం ఉంటే ఒంటికి మంచిదా, ఇమ్యూనిటీ పెరుగుతుందా అని. భక్తితో చేసే ఉపవాసం జోలికి నేను వెళ్లట్లేదండి, అది ఎవరి నమ్మకం వాళ్లది. ఆరోగ్యం కోసం తిండి మానడం గురించే ఇవాళ్టి మాటలన్నీ.

నేను డాక్టర్ని కాదు. ఈ విషయం మీద దొరికిన పరిశోధనలు ఓపిగ్గా కూర్చుని చదివాను, అంతే. చదివాక నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. ఆరోగ్యానికి కొంత మేలు ఉంది. ఇమ్యూనిటీ దగ్గరికొచ్చేసరికి మాత్రం వాట్సాప్‌లో తిరిగే మాటకీ, ల్యాబుల్లో కనిపించిన దానికీ పొంతన లేదు. ఆ తేడా తెలియక, రోజూ మందులు వేసుకునే పెద్దవాళ్లు ప్రమాదంలో పడుతున్నారు. ఈ వీడియో చెయ్యడానికి అసలు కారణం అదే.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మనం చివరి ముద్ద తిన్నాక కొన్ని గంటలపాటు ఆ తిండిలోంచే శక్తి వస్తుంది. ఆ తర్వాత లివర్ తన దగ్గర దాచుకున్న గ్లైకోజెన్‌ని కరిగించి రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది. ఆ నిల్వ ఎంతో ఉండదండి, లివర్‌లో సుమారు 100 గ్రాములు. పన్నెండు గంటలు దాటాక, మనిషిని బట్టి, ముందురోజు తిన్నదాన్ని బట్టి, నడిచిన నడకను బట్టి ఆ నిల్వ తగ్గుతూ వస్తుంది. అప్పుడు కొవ్వు కరగడం ఎక్కువవుతుంది, లివర్ ఆ కొవ్వులోంచి కీటోన్లు తయారుచేస్తుంది, మెదడు కూడా వాటితో పని నడుపుకుంటుంది. ఇదంతా జరిగేటప్పుడు ఇన్సులిన్ కిందికి దిగి ఉంటుంది. ఉపవాసం వల్ల మేలు అని చెప్పేవాళ్లు పట్టుకునే మొదటి కొస ఇదే, అది నిజం కూడా.

మరి ఆ మేలు ఎంత? ఇక్కడ నాకు బాగా నచ్చిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో సచ్చిదానంద పాండా గారి బృందం 2015లో 156 మంది చేత, తిన్నదీ తాగిందీ ప్రతిసారీ ఫోన్‌లో ఫోటో తీయించింది. అందులో సగం మంది రోజుకి దాదాపు 15 గంటలు, అంతకన్నా ఎక్కువసేపు ఏదో ఒకటి తింటూనే ఉన్నారని తేలింది. అంటే నిద్రపోయే సమయం తప్ప మిగతాదంతా తిండి వేళే. వాళ్లలో బరువు ఎక్కువున్న ఎనిమిది మందిని, పది పదకొండు గంటల లోపలే తినమన్నారు. ఏం తినాలో చెప్పలేదు. 16 వారాల్లో బరువు తగ్గింది, నిద్ర బాగుపడిందని వాళ్లే చెప్పారు. ఎనిమిది మందే కాబట్టి దాన్ని పట్టుకుని ఊరేగలేం. కానీ ఆ ఫోటోల సంగతి చదివినప్పుడు నాకు మన ఎన్నారై ఇళ్లే గుర్తొచ్చాయి. ఇండియాలో తెల్లవారే వేళకి ఇక్కడ మనం పడుకోవాలి. అప్పుడే అమ్మా నాన్నా ఫోన్‌కి దొరుకుతారు. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతికందింది నోట్లో వేసుకుంటాం. ఆకలి ఉండదు, కబుర్లే ఉంటాయి. అలా రాత్రి తిండి గంటా రెండు గంటలు వెనక్కి జరిగిపోతుంది.

పెద్ద ట్రయల్స్ దగ్గరికొస్తే ఉత్సాహం కొంచెం తగ్గించుకోవాలి. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మంది ఊబకాయం ఉన్నవాళ్లతో ఏడాదిపాటు చేసిన ట్రయల్ 2022లో వచ్చింది. రెండు గుంపులకీ క్యాలరీలు ఒకేలా తగ్గించారు. ఒక గుంపు మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపలే తినాలి. వాళ్లు సగటున 8 కిలోలు తగ్గారు, రెండో గుంపు 6.3 కిలోలు తగ్గింది. ఆ తేడా గట్టిగా లెక్కలోకి వచ్చేంతది కాదని తేల్చారు. 2020లో అమెరికాలో చేసిన ఇంకో ట్రయల్‌లో 116 మందిలో కొందరిని మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపల తినమన్నారు, ఎంత తినాలో చెప్పలేదు. 12 వారాల తర్వాత వాళ్లు తగ్గింది ఒక కిలోకి కాస్త తక్కువే. అందులోనూ కండ కొంత పోయిందని గమనించారు. కాబట్టి గడియారం చూసి తిన్నంత మాత్రాన బరువు దానంతటది పోదండి. గడియారం వల్ల మొత్తం మీద తక్కువ తింటే తగ్గుతాం.

బరువుతో సంబంధం లేకుండా లాభం కనిపించిన చోటు ఒకటి మాత్రం ఉంది. 2018లో, షుగర్ అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్లకి ఐదు వారాలు, మధ్యాహ్నం 3 లోపలే చివరి భోజనం ముగిసేలా పెట్టారు. బరువు తగ్గకుండా కొలిచి మరీ తిండి ఇచ్చారు. అయినా ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, బీపీ తగ్గింది. మళ్లీ ఎనిమిది మందే. ఉద్యోగం చేసుకునే మనుషులు మూడింటికి రాత్రి భోజనం ముగించలేరు. అయినా పొద్దున మానేసి రాత్రి భారీగా తినడం కన్నా రాత్రి త్వరగా ముగించడమే నయమని నేను నమ్మడానికి ఇదొక కారణం.

ఆటోఫజీ మాట మీరు వినే ఉంటారు. కణం తనలోని పాడైన ముక్కల్ని తనే అరిగించుకుని మళ్లీ వాడుకోవడం. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి గారికి 2016లో నోబెల్ వచ్చింది దీనికే. ఆయన చూసింది ఈస్ట్ కణాల్ని. వాటికి ఆహారం లేకుండా చేశారు, లోపల చేరిన చెత్త అరగకుండా ఎంజైములు లేని రకాన్ని ఎంచుకున్నారు. కొన్ని గంటల్లోనే కణం లోపలి సంచీ చిన్న చిన్న బుడగలతో నిండిపోవడం మైక్రోస్కోప్‌లో కనిపించింది. ఎంత అందమైన ప్రయోగమండీ! కానీ అక్కణ్ణుంచి "పదహారు గంటలు దాటగానే మీ ఒంట్లో శుద్ధి మొదలవుతుంది, జబ్బులన్నీ పోతాయి" అనే దాకా లాగేశారు. ఆటోఫజీ ఎప్పుడూ కొద్దో గొప్పో నడుస్తూనే ఉంటుంది. మనిషిలో ఫలానా గంటకి మొదలైందని ఇంట్లో కూర్చుని తెలుసుకునే పరీక్ష ఏదీ లేదు.

ఇక ఇమ్యూనిటీ. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

2019లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ శాస్త్రవేత్తలు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లని 19 గంటలు ఏమీ తినకుండా ఉంచి రక్తం పరీక్ష చేశారు. మోనోసైట్లనే తెల్ల రక్తకణాలు తగ్గాయి. ఎలుకల్లోనూ అదే కనిపించింది. అవి ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపు, పెంచే కణాలు కాబట్టి, ఆ వాపు దీర్ఘకాలం ఉండే జబ్బులకి ఇది మేలు చేయొచ్చని ఆశ పడ్డారు. ఆ ఆశ న్యాయమైనదే. కీటోన్లలో ఒకటైన బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ ఇన్‌ఫ్లమేషన్ రేపే ఒక ప్రోటీన్ సమూహాన్ని అణుస్తుందని 2015లో యేల్ యూనివర్సిటీలో విశ్వదీప్ దీక్షిత్ గారి బృందం చూపించింది. గమనించండి, ఈ రెండింట్లోనూ జరిగింది రోగనిరోధక వ్యవస్థ నెమ్మదించడం. బలం పెరగడమని ఎవరూ అనలేదు. నెమ్మదించడం కొన్ని జబ్బులకి మంచిది. సూక్ష్మక్రిమి లోపలికి దూరిన రోజు అదే మంచిదవ్వాలని లేదు.

అది 2023లో ఎలుకల్లో చూశారు, అదే మౌంట్ సినాయ్‌లో. 24 గంటలు తిండి పెట్టకపోతే రక్తంలోని మోనోసైట్లు దాదాపుగా మాయమై ఎముక మూలుగలోకి వెళ్లి దాక్కున్నాయి. తిండి పెట్టగానే ఒక్కసారిగా రక్తంలోకి పోటెత్తాయి. అలా తిరిగొచ్చినవి వయసు మీరిన కణాలు, మామూలు కన్నా ఎక్కువ ఇన్‌ఫ్లమేషన్ రేపేవి. ఆ సమయంలో బ్యాక్టీరియా ఎక్కిస్తే ఉపవాసం ఉన్న ఎలుకలే ఎక్కువ ఇబ్బంది పడ్డాయి. ఎలుకకి ఒక రోజు పస్తు మనిషికి ఒక రోజు పస్తుతో సమానం కాదు, చిన్న ప్రాణి, బరువు చాలా త్వరగా పడిపోతుంది. అందుకని ఇది చూసి హడలిపోనక్కర్లేదు. కానీ తిండి మానితే కొత్త సైన్యం పుట్టుకొస్తుందని చెప్పేవాళ్లు దీన్ని కూడా చూపించాలి కదా? వాళ్లు ఎక్కువగా చూపించేది 2014లో వచ్చిన, కొత్త రక్తకణాల్ని పుట్టించే మూలకణాల గురించిన పరిశోధన. దాని ఆధారం ముఖ్యంగా రోజుల తరబడి పస్తులుంచిన, కీమో మందులిచ్చిన ఎలుకలు. రాత్రి భోజనం మానిన మనకి అది వర్తించదు.

మన వాళ్లు జ్వరం రాగానే లంఖణం పరమౌషధం అంటారు. దీని మీద కూడా 2016లో యేల్‌లో రుస్లాన్ మెద్జితోవ్ గారి బృందం చేసిన పని చదివి నేను చాలాసేపు ఆలోచించాను. లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకిన ఎలుకలకి బలవంతంగా గ్లూకోజ్ ఇస్తే చనిపోయాయి, పస్తుంటే బతికాయి. ఫ్లూ వైరస్ సోకిన ఎలుకల్లో సరిగ్గా తిరగబడింది. తిండి అందినవే బాగా బతికాయి, గ్లూకోజ్ వాడుకోనివ్వకుండా చేస్తే చనిపోయాయి. ఎలుకల్లోనే జబ్బుని బట్టి ఇంత తేడా ఉంటే, జ్వరం ఎందుకొచ్చిందో తెలియకుండా ఇంట్లో అందరికీ ఒకే నియమం పెట్టడం నాకు సరిగ్గా అనిపించదు.

ఇప్పుడు మా మావయ్యగారి సంగతి. మొన్న వీడియో కాల్‌లో, "రేపంతా నీళ్లే తాగుతానమ్మా, ఇమ్యూనిటీ బాగా పెరుగుతుందట" అన్నారు. ఆయనకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. "మావయ్యగారూ, మీ మాత్రల షీట్లు ఒకసారి కెమెరాకి చూపిస్తారా?" అన్నాను. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, షీటుని కిటికీ వెలుతురుకి అటూ ఇటూ తిప్పారు. మాత్రలు తీసిన చోటల్లా వెనక రేకు చిరిగిపోయి పేరు ముక్కలు ముక్కలుగా మిగిలింది. చివరికి ఒక మూల గ్లిమిపిరైడ్ అని కనపడింది. రెండో షీటు డాపాగ్లిఫ్లోజిన్. రెండూ షుగర్ మాత్రలే.

"మరి రేపు ఇవి వేసుకుంటారా?"

"తిండే కదమ్మా మానేది. మందు ఎలా మానతాం?"

ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది. ఎంత బాధ్యతగా అన్నారో చూడండి! గ్లిమిపిరైడ్ ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. మనం తిన్నామా లేదా అని అది చూడదు. తినకపోతే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం, ఇంకా దిగితే స్పృహ తప్పడం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వేసుకుంటూ ఎక్కువసేపు పస్తుంటే కీటోన్లు హద్దు దాటి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. అందులోని మోసం ఏంటంటే, మీటర్లో షుగర్ మామూలుగానే కనపడొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇక బీపీ మాత్రకి తోడు నీళ్లు కూడా తగ్గితే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మావయ్యగారు ఆ రోజుకి పస్తు ఆపి, వాళ్ల డాక్టర్‌ని అడిగారు. రాత్రి భోజనం త్వరగా ముగించడం వరకే చెయ్యమన్నారట, ఒక మాత్ర డోసు కూడా మార్చారట. మందు మానాలా, తగ్గించాలా అన్నది డాక్టర్ మాటే, మనం ఫోన్‌లో తేల్చేది కాదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, ఇప్పటికే బరువు తక్కువున్నవాళ్లు, ఒకప్పుడు తిండి మానడం జబ్బుగా మారి బాధపడినవాళ్లు దీని జోలికి రావద్దు. గౌట్ ఉన్నవాళ్లకి పస్తులో యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. వరసగా రోజుల తరబడి తినకుండా ఉండి ఒక్కసారిగా తింటే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. అలాంటివి ఆసుపత్రి పర్యవేక్షణలో తప్ప చెయ్యకూడదు.

నేను చేసేది చిన్నదే. రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫిన్‌కీ మధ్య పన్నెండు, కుదిరిన రోజు పద్నాలుగు గంటలు. ఇండియా ఫోన్లు ఇప్పుడు వంటింట్లో కాకుండా హాల్లో కూర్చుని మాట్లాడుతున్నాను, ఆ ఒక్క మార్పుతోనే రాత్రి చిరుతిండి పోయింది. తినే వేళల్లో మాంసకృత్తులు తగ్గకుండా చూసుకుంటాను, ఎందుకంటే యాంటీబాడీలు కూడా ప్రోటీన్లే. ప్రోటీన్, జింక్, విటమిన్ ఎ కరువైతే ఇమ్యూనిటీ దెబ్బతింటుందన్నది ఎప్పటినుంచో తెలిసిన విషయం. జలుబు చేసినా, జ్వరం తగిలినా ఆ గంటల లెక్క పక్కన పెట్టేస్తాను.

మీ ఇంట్లో షుగర్ మందులు వాడే పెద్దవాళ్లుంటే ఈ వారం కాల్‌లో వాళ్ల షీట్లు చూపించమనండి. పేర్లు రాసుకోండి. ఉపవాసం ఉంటున్నారేమో అడగండి. వణుకు వస్తోందంటే ముందు మీటర్‌తో చూడమనండి. 70 కన్నా తక్కువుంటే ఉపవాసం అక్కడితో ఆపేసి 15 గ్రాముల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి అంతే తాగి, పక్కన ఎవరినైనా పిలవాలి. స్పృహలో లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు, వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి.